గర్భిణి రోజూ వెంట ఉంచుకోవలసిన అత్యవసర సంచి: సర్దుకునే తీరు, వాడుకునే తీరు

కాన్పు కోసం ఆసుపత్రికి తీసుకువెళ్లే పెద్ద బ్యాగు గురించి చెప్పడానికి అమ్మ, అత్తగారు, ఇరుగుపొరుగువారు అందరూ ఉంటారు. మెత్తని పాత చీర ముక్కల నుంచి పసిబిడ్డ టోపీ దాకా వారు ఏదీ మరచిపోనివ్వరు. అయితే నొప్పులు రావడానికి ఎన్నో నెలల ముందే, ఆఫీసులోనో బస్సులోనో బ్యాంకు వరుసలోనో నిలబడి ఉన్నప్పుడు కళ్లు తిరగవచ్చు, వాంతులు ఆగకపోవచ్చు, రక్తస్రావం కనిపించవచ్చు. ఆ సమయంలో చేతికి అందేది ఇంట్లో అల్మారాలో ఉన్న పెద్ద బ్యాగు కాదు, భుజాన ఉన్న చిన్న సంచి. ఈ వ్యాసం ఆ చిన్న సంచికి సంబంధించినది.

దాని పని పరిమితమైనది. ఇబ్బంది మొదలైనప్పటి నుంచి ఇంటికో ఆసుపత్రికో చేరేదాకా, అంటే సుమారు 3 నుంచి 4 గంటలపాటు, ఆసరాగా ఉంటే చాలు. రాత్రి బసకు కావలసినవేవీ అందులో ఉండనవసరం లేదు. ఈ హద్దును ముందే నిర్ణయించుకోకపోతే వారానికో వస్తువు చేరి, సంచి బరువెక్కి, చివరికి ఈ ఒక్క రోజుకు వద్దులే అని ఇంట్లో వదిలి వెళ్లే పరిస్థితి వస్తుంది. అందువల్ల నేను మొదటి స్థానం సమాచారానికి, రెండవది మందులకు ఇచ్చి, మిగిలినవన్నీ ఆ తరువాతే లెక్కిస్తాను. నీళ్ల సీసా ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. మీ బ్లడ్ గ్రూపు ఏమిటో, మీకు ఏ మందు పడదో దారిన పోయేవారెవరికీ తెలియదు.

మొదటి అడుగు: సంచిని ఎంచుకోవడం

నెలలు గడిచేకొద్దీ శరీరపు బరువు ముందుకు జరుగుతుంది, నడుము మీద భారం పెరుగుతుంది, కీళ్లను పట్టి ఉంచే బంధనాలు కొంత సడలుతాయి. ఇటువంటప్పుడు ఒకే భుజానికి వేలాడే హ్యాండ్‌బ్యాగు శరీరాన్ని ఒక పక్కకు లాగుతుంది కాబట్టి రెండు భుజాలకూ తగిలించుకునే చిన్న బ్యాక్‌ప్యాక్ మేలు. చీర మీద అది కుదరదనుకునేవారు వెడల్పు పట్టీ ఉన్న సంచిని తీసుకుని, భుజాలను తరచుగా మార్చుకుంటూ ఉండాలి. పట్టీ పొట్టను అదమకూడదు. ద్విచక్ర వాహనం వెనుక కూర్చునేవారు సంచి పట్టీలను, చున్నీని, కొంగును చక్రానికి దూరంగా బిగించుకున్నాకే బయలుదేరాలి.

నీళ్లతో కలిపి మొత్తం బరువు 2 కిలోలు దాటకుండా చూసుకోండి. నిండు లీటరు సీసాయే దాదాపు సగం బరువు తినేస్తుంది కనుక అర లీటరు సీసా పెట్టుకుని, ఖాళీ అయినప్పుడల్లా శుభ్రమైన చోట నింపుకోవడం తెలివైన పని. లోపల రంగులు వేరువేరుగా ఉన్న మూడు చిన్న పౌచ్‌లు పెట్టుకుంటే, కాగితాల కోసం వెతికే మనిషి చేతికి ప్యాడ్‌లు రావు. పారదర్శకమైన జిప్ కవర్లయినా సరిపోతాయి, పైగా వానకు తడవవు.

రెండవ అడుగు: మీ తరఫున మాట్లాడే కార్డు

సంచిలో ఒకే ఒక్క వస్తువు పెట్టుకోమంటే నేను చెప్పేది ఈ కార్డునే. స్పృహ తప్పినప్పుడు, ఊపిరి ఆడనప్పుడు, లేదా భయంతో మాట పెగలనప్పుడు అంబులెన్సు సిబ్బందికి, డ్యూటీ డాక్టరుకు మీ గురించి చెప్పగలిగింది అదే. పోస్టుకార్డంత అట్ట మీద ఒక వైపు తెలుగులో, మరో వైపు ఇంగ్లీషులో రాయండి; బెంగళూరులోనో ముంబైలోనో ఉంటున్నవారు తెలుగు బదులు అక్కడి భాషలో రాయించుకుంటే ఎక్కువ ఉపయోగం. అందులో ఉండవలసినవి ఇవి:

- పేరు, వయసు, ఇంటి చిరునామా, ఇంటికి దగ్గరి కొండగుర్తు
- చివరి నెలసరి మొదటి రోజు, స్కాన్ ప్రకారం కాన్పు అంచనా తేదీ
- ఎన్నో గర్భం, పాత కాన్పులు మామూలువా ఆపరేషన్లా, గర్భస్రావాలు ఏవైనా జరిగాయా
- బ్లడ్ గ్రూపు, పాజిటివా నెగటివా
- బీపీ, షుగరు, థైరాయిడ్, ఉబ్బసం, ఫిట్స్, గుండెజబ్బు వంటివి ఉంటే వాటి వివరం
- రోజూ వేసుకునే మందుల పేర్లు, మోతాదు. పడని మందులు, పడని ఆహారం
- చూపించుకుంటున్న ఆసుపత్రి, డాక్టరు ఫోన్ నంబరు, ఇంట్లో ఇద్దరి నంబర్లు

వీటిలో కొన్నింటిని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎన్నో నెల అన్నది రాయకండి. నెల తిరిగేసరికి ఆ మాట తప్పవుతుంది. చివరి నెలసరి తేదీ, కాన్పు తేదీ రాసి ఉంటే ఏ రోజున చూసినా వారాలు లెక్క కట్టుకోవచ్చు. ఆర్‌హెచ్ నెగటివ్ రక్తం ఉన్న తల్లికి రక్తస్రావం జరిగినా, పొట్టకు దెబ్బ తగిలినా, ఆమె శరీరం బిడ్డ రక్తకణాలకు ఎదురుతిరగకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం రావచ్చు. దానిని 72 గంటల లోపు ఇవ్వడం ఉత్తమం. అందుకే ఆ గ్రూపు వారు కార్డు మీద ఆ విషయాన్ని ఎర్ర సిరాతో రాసుకోవాలి. అదే గ్రూపు ఉండి, పిలిస్తే రాగలిగిన ఒకరిద్దరు దాతల నంబర్లను వెనుక చేర్చుకోవడం ఇంకా మంచిది. స్కాన్‌లో మాయ (ప్లాసెంటా) కిందికి ఉందని చెప్పి ఉంటే అది తప్పనిసరిగా కార్డు మీదకు ఎక్కవలసిన సంగతి. మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉన్నప్పుడు లోపల చేతితో పరీక్ష చేస్తే తీవ్ర రక్తస్రావం కావచ్చు కనుక, కొత్త ఆసుపత్రిలో మిమ్మల్ని మొదటిసారి చూసే డాక్టరుకు ఈ విషయం ముందుగా తెలియాలి.

కార్డుతో పాటు అదే పౌచ్‌లో తల్లీబిడ్డల సంరక్షణ కార్డు నకలు, తాజా రక్తపరీక్షల, స్కాన్‌ల నకళ్లు ఉంచండి. ఏఎన్ఎం (ఆరోగ్య ఉపకేంద్రం నర్సు) గానీ డాక్టరు గానీ కొత్తగా ఏదైనా రాసిన రోజునే ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి భర్తకో తల్లికో పంపితే, సంచి పోయినా సమాచారం పోదు. తొమ్మిదో నెల వచ్చాక నకలుతో సరిపెట్టుకోకుండా అసలు కార్డునే వెంట తీసుకువెళ్లాలి. ఆధార్, ఆరోగ్యశ్రీ లేదా బీమా కార్డు కూడా ఇక్కడే. తెలంగాణలో మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకాల కింద ఆర్టీసీ బస్సులో ఉచితంగా ప్రయాణించడానికి ఎటూ గుర్తింపు కార్డు చూపాలి కాబట్టి, దానిని పర్సుకూ సంచికీ మధ్య మార్చకుండా ఒకే చోట స్థిరంగా ఉంచడం అలవాటు చేసుకోండి.

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారం మనకు ఉంది. ఆరేడు నెలలు ఒక ఊళ్లో చూపించుకుని, చివరి రెండు నెలలు మరో ఊళ్లో మరో డాక్టరు దగ్గరికి మారే ఈ సమయంలోనే కాగితాలు చెల్లాచెదరవుతాయి. బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్ రిపోర్టు హైదరాబాదులో ఉండిపోయి మనిషి రాజమహేంద్రవరంలో ఉన్నప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు. ప్రయాణానికి ముందే పాత ఫైలు అంతటినీ నకలు తీయించి, అసలు ఫైలును మీతో తీసుకువెళ్లి, నకలును అత్తవారింట ఉంచండి. చేరిన వారంలోనే కార్డు మీద కొత్త ఆసుపత్రి, కొత్త చిరునామా, కొత్త నంబర్లు రాసుకోండి.

మూడవ అడుగు: మందులు

ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి వేసుకోవడం అవసరమే గానీ, ఒక పూట ఆలస్యమైనంత మాత్రాన ప్రమాదమేమీ రాదు. క్యాల్షియం సంగతీ అంతే. సంచిలో ఉండవలసినవి పూట తప్పితే ముప్పు తెచ్చే మందులు: బీపీ మాత్రలు, ఫిట్స్ మాత్రలు, ఇన్సులిన్, ఉబ్బసం ఇన్‌హేలరు, వాంతులకు డాక్టరు రాసిన మాత్ర. వీటిని రెండు రోజులకు సరిపడా, పేరూ గడువు తేదీ కనిపించేలా స్ట్రిప్‌తో సహా కత్తిరించి పెట్టుకోవాలి. విడి మాత్రలను డబ్బాలో పోస్తే ఏది ఏమిటో మీకు తెలిసినా డాక్టరుకు తెలియదు. మధ్యాహ్నం ఆఫీసులో క్యాల్షియం వేసుకునేవారు మాత్రం దానికీ ఐరన్‌కూ కనీసం 2 గంటల ఎడం ఉండేలా చూసుకోవాలి, టీ కాఫీలతో ఐరన్ వేసుకోకూడదు.

వాడుకలో ఉన్న ఇన్సులిన్ పెన్నును సాధారణంగా 30 డిగ్రీల లోపు వేడిలో 4 వారాల వరకు ఫ్రిజ్ బయట ఉంచవచ్చు. మన ఎండాకాలంలో గది వేడే అంతకు మించుతుంది. కాబట్టి చల్లదనాన్ని నిలిపే పౌచ్ కావాలి, అయితే మందు గడ్డ కట్టేలా ఐసుకు ఆనించి పెట్టకూడదు. స్కూటర్ డిక్కీలోనో, ఎండలో నిలిపిన కారులోనో సంచిని వదిలితే ఇన్సులినే కాదు, మామూలు మాత్రలూ పాడవుతాయి.

తలనొప్పికనీ నడుంనొప్పికనీ ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను సంచిలో పెట్టుకోవద్దు. గర్భం సగం, అంటే సుమారు 20 వారాలు, దాటాక అవి బిడ్డ మూత్రపిండాల మీద, గుండె దగ్గరి రక్తనాళం మీద ప్రభావం చూపగలవు. పారాసెటమాల్ అయినా మీ డాక్టరు చెప్పిన మోతాదులో మాత్రమే ఉండాలి. పక్కింటావిడకు పనిచేసిన మందుకు ఈ సంచిలో చోటు లేదు.

నాలుగవ అడుగు: నీళ్లు, తిండి

వేవిళ్ల రోజుల్లో ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది, తరువాతి నెలల్లో ఆకలి ఆగదు. నలగనివి, కారనివి, ఎండకు చెడనివి ఎంచుకోవాలి: పుట్నాలు, వేయించిన పల్లీలు, పల్లీపట్టీ, మరమరాలు, ఉప్పు బిస్కెట్లు, ఎండు ఖర్జూరం. ఉప్పులో ఎండబెట్టిన ఉసిరి ముక్కలు వికారానికి చాలామందికి ఊరటనిస్తాయి, అయితే బీపీ ఉన్నవారు ఉప్పుతో చేసినవాటిని తగ్గించుకోవాలి. కోసి అమ్మే పండ్ల ముక్కలు, రోడ్డు పక్కన ఐసు వేసిన రసాలు దాహం తీర్చినా కడుపును చెడగొడతాయి; అరటిపండో బత్తాయో కొనుక్కోవడం నయం.

ఓఆర్ఎస్ ప్యాకెట్లలో లీటరు నీటికి కలిపేవి, 200 మిల్లీలీటర్లకు కలిపేవి అని రకాలు ఉన్నాయి. మీ సీసా అర లీటరుదైతే చిన్న ప్యాకెట్లు కొనండి. లీటరు ప్యాకెట్‌ను అర లీటరులో కలిపితే ఉప్పు మోతాదు రెట్టింపవుతుంది. ఇన్సులిన్ వాడేవారికి పంచదార తప్పనిసరి. చెమటలు పట్టి, చేతులు వణికి, మీటరులో గ్లూకోజు 70 కన్నా తగ్గినట్టు కనిపిస్తే మూడు టీస్పూన్ల పంచదార లేదా గ్లూకోజు పొడి నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించుకోవాలి. ఆ కొలతకు సరిపడా పొట్లాలు రెండు ముందే కట్టి పెట్టుకోండి.

ఐదవ అడుగు: శుభ్రతకు, మరుగుకు

పెద్ద సైజు శానిటరీ ప్యాడ్‌లు మూడు, ఒక జత లోదుస్తులు, వాంతుల కోసం రెండు మూడు కవర్లు, పేపర్ సోప్, చిన్న శానిటైజరు, టిష్యూలు: ఇవన్నీ కలిపినా అరచేయంత పౌచ్‌లో ఇముడుతాయి. ప్యాడ్‌లు కేవలం బట్టలు తడవకుండా కాపాడడానికే అనుకోవద్దు. రక్తం ఎంత పోతోందో, ఉమ్మనీరు ఏ రంగులో ఉందో చెప్పే సాక్ష్యం అదే. ఉమ్మనీరు పోయినట్టు అనుమానం వస్తే ప్యాడ్ పెట్టుకుని, పెట్టుకున్న సమయం రాసుకుని, మార్చిన ప్యాడ్‌ను పారేయకుండా జిప్ కవర్లో డాక్టరుకు చూపించండి. నీరు ఆకుపచ్చగా గానీ గోధుమ రంగులో గానీ ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసి ఉండవచ్చు, ఇక ఆలస్యం చేయకూడదు. లోపల పెట్టుకునే ట్యాంపన్‌ల వంటివి వాడవద్దు.

ఒక పెద్ద నూలు చున్నీ లేదా పలుచని తువ్వాలు ఈ పౌచ్‌లో అన్నిటికన్నా ఎక్కువ పనులు చేస్తుంది. ఎండకు తల మీద కప్పుకోవచ్చు, తడిపి మెడ మీద వేసుకోవచ్చు, తడిసిన బట్టల మీద చుట్టుకోవచ్చు, మరుగు లేని చోట ఇద్దరు పట్టుకుంటే తెర అవుతుంది. మరుగుదొడ్డి దొరకదేమోనని నీళ్లు తాగడం మానేసే స్త్రీలు మన దగ్గర ఎందరో ఉన్నారు. గర్భిణికి అది మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌ను కొని తెచ్చుకోవడమే. రోజూ వెళ్లే దారిలో బస్టాండు, పెట్రోలు బంకు, మెట్రో స్టేషను, తెలిసినవారి ఇల్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే చూసి పెట్టుకోవడం కూడా సంచి సర్దడంలో భాగమే.

ఆరవ అడుగు: ఫోన్, డబ్బు

ఫోన్ లాక్‌లో ఉన్నా కనిపించేలా అత్యవసర సమాచారాన్ని నింపే సదుపాయం ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది; కార్డు మీద రాసినదే అక్కడా నింపండి. దూర ప్రయాణాల్లో వాట్సాప్ లైవ్ లొకేషన్‌ను ఇంట్లో ఒకరికి 8 గంటల వరకు పంచుకోవచ్చు. తేలికైన పవర్ బ్యాంకు, పొట్టి కేబులు చాలు. యూపీఐ ఉంది కదా అని నగదు మానవద్దు: సిగ్నల్ లేని చోట ఆటో ఎక్కడానికి, మందు కొనడానికి వెయ్యి రూపాయలు చిన్న నోట్లుగా కార్డు వెనుక ఉంచండి.

నంబర్ల మధ్య తేడా తెలిసి ఉండాలి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు పిలవవలసింది 108. తెలంగాణలో గర్భిణులను పరీక్షలకు తీసుకువెళ్లే అమ్మ ఒడి వాహనాలకు, ఆంధ్రప్రదేశ్‌లో కాన్పు తరువాత ఇంటికి చేర్చే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌కు 102 వాడతారు. అత్యవసరంలో దానికి చేసి కాలం పోగొట్టుకోకూడదు. దేశంలో ఎక్కడున్నా 112 పనిచేస్తుంది. అమెరికాలో ఉన్నవారికి 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. ఫోన్ ఎత్తినవారికి మొదట చెప్పవలసినది ఎక్కడున్నారో, దగ్గరి కొండగుర్తు ఏమిటో. తరువాత ఎన్నో నెలో, ఏం జరుగుతోందో. సర్కారు ఆసుపత్రులలో కాన్పు, మందులు, పరీక్షలు, ఇంటి నుంచి రవాణా ఉచితంగా అందాలని 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతోంది కాబట్టి, డబ్బు లేదన్న సంకోచంతో ఫోన్ చేయడం ఆపవద్దు.

ఏడవ అడుగు: పక్కవారికి చూపించడం

సంచి మీకు మాత్రమే తెలిసి ఉంటే సగం పనే అయినట్టు. కార్డు ఏ పౌచ్‌లో ఉందో, ఏ మందు ఎప్పుడు ఇవ్వాలో భర్తకు, పక్క సీటు సహోద్యోగికి, రోజూ కలిసి ప్రయాణించే స్నేహితురాలికి ఒకసారి తెరిచి చూపించండి. ఊళ్లో అయితే ఆశా కార్యకర్తకు తెలిసి ఉండాలి. వారిలో ఒకరిని కళ్లు మూసుకుని కార్డు బయటికి తీయమనండి. తడుముకుంటూ ఉంటే కార్డు ఇంకా లోతున ఉందని అర్థం, బయటి జేబులోకి మార్చండి.

కాలాన్నీ చోటునూ బట్టి మార్పులు

మొదటి మూడు నెలల్లో వాంతుల కవర్లు, ఎండు తిండి ఎక్కువ కావాలి. మధ్య నెలల్లో సంచి తేలికపడుతుంది, నిజానికి చాలామంది దానిని మరచిపోయేది అప్పుడే. ఏడో నెల నుంచి ప్యాడ్‌లు, అదనపు లోదుస్తులు పెరగాలి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు, ఓఆర్ఎస్, గొడుగు ముందుకు వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోస్తాలో తుపానుల కాలం. హెచ్చరిక వచ్చినప్పుడు నెలలు నిండిన గర్భిణులను అధికారులు ముందుగానే ఆసుపత్రులకు తరలిస్తుంటారు. అటువంటి పిలుపు వస్తే ఈ సంచీ, కాన్పు బ్యాగూ రెండూ తీసుకుని అప్పుడే బయలుదేరాలి, గాలి తగ్గాక చూద్దామని ఆగకూడదు. రోడ్డు లేని ఏజెన్సీ గూడేలలో ఉన్నవారికి సంచి ఎంత పెద్దదైనా దూరం తగ్గదు కాబట్టి, కాన్పు తేదీకి ముందే ఆసుపత్రికి దగ్గరగా ఉన్న వసతి గృహానికో బంధువుల ఇంటికో మారడమే అసలైన సిద్ధపాటు.

అవసరం వచ్చినప్పుడు

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తగ్గని తలనొప్పితో పాటు చూపు మసకబారడం, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం, తీవ్రమైన కడుపునొప్పి, ఎక్కువ జ్వరం, ఊపిరి అందకపోవడం, రోజూ ఉండే తీరు కన్నా బిడ్డ కదలికలు తగ్గడం: వీటిలో ఏది కనిపించినా సంచి సర్దుకుంటూ ఇంటికి వెళ్లడం కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. జారి పడినప్పుడు, పొట్టకు దెబ్బ తగిలినప్పుడు నొప్పి లేకపోయినా అదే రోజు చూపించుకోవాలి. వాహనం వచ్చేదాకా ఎడమ పక్కకు తిరిగి పడుకోండి.

గుర్రపువాతం అని ఊళ్లలో పిలిచే ఫిట్స్ వస్తే పక్కనున్నవారు గర్భిణిని ఎడమ పక్కకు తిప్పి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులను తీసివేయాలి. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, నోట్లో చెంచా పెట్టడం, నీళ్లు పోయడం చేయకూడదు. దారిలోనే కాన్పు అయిపోతే బిడ్డను లాగకుండా, బొడ్డుతాడు కోయకుండా, చున్నీతో తుడిచి తల్లి ఛాతీకి ఆనించి ఇద్దరినీ పొడి బట్టతో కప్పి ఉంచాలి. అందుకే బ్లేడు, కత్తెర ఈ సంచిలో పెట్టుకోవద్దు.

అంబులెన్సు వచ్చాక కార్డు ఉన్న పౌచ్‌ను సిబ్బంది చేతికి ఇచ్చి, నొప్పి గానీ రక్తస్రావం గానీ మొదలైన సమయం చెప్పి, చివరిసారి ఏం తిన్నారో, ఏ మందు వేసుకున్నారో చెప్పాలి. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇచ్చే డాక్టరు మొదట అడిగేది అదే. సంచిని తోడు వచ్చినవారి దగ్గర, ఫోన్‌ను మీ దగ్గర ఉంచుకోండి. భయపడినంత ఏమీ కాక ఇంటికి పంపించివేస్తే, వాడిన ప్యాడ్‌లు, మందులు, ఓఆర్ఎస్ స్థానంలో కొత్తవి ఆ సాయంత్రమే పెట్టి, డాక్టరు ఇచ్చిన కొత్త చీటీలో ఉన్న మార్పులను కార్డు మీద రాసుకోండి.